అడుగుకి అర మిల్లీ

తీసేసింది నేనే. ముందే చెప్పేస్తే నాకూ మీకూ హాయి.

ఇంటర్నెట్టులో ఎవరైనా రాయగలిగే, ఎవరైనా దిద్దగలిగే తెలుగు విజ్ఞాన సర్వస్వం ఒకటుంది. అందులో లెక్కల వ్యాసాల వెంట పదకొండేళ్ళుగా చీపురు పట్టుకుని తిరుగుతున్నాను. అక్కడ నా పేరు ‘రుజువు’. అసలు పేరు రజనీకుమారి. భిలాయిలో ఒక స్కూల్లో లెక్కల టీచర్ని. అక్కడే రుఆబాంధా కాలనీలో మా నాన్నతో ఉంటాను. పెళ్ళి సంగతి అడక్కండి. అడిగినవాళ్ళెవరికీ ఇప్పటిదాకా నా నోటినుంచి మంచి జవాబు రాలేదు.

ఆ సర్వస్వంలో నియమం ఒకటే. ఏం రాసినా అది ముందే ఎక్కడో అచ్చయి ఉండాలి, ఆ పుస్తకం పేరు చూపించాలి. దాన్నే మూలం అంటాం. జనం ఊరుకుంటారా? మా ఊరి మాస్టారు ఫలానా సూత్రం కనిపెట్టారని ఒకడు, మా బాబాయి నోటిలెక్కల్లో కంప్యూటర్ని ఓడించాడని ఒకడు. నేను చూస్తాను, కిందకి వెళ్తాను, మూలం ఉండదు. ‘మూలం లేదు. తొలగించాను.’ మూడు మాటలు. నా వేళ్ళు ఆ మూడు మాటల్ని నన్నడక్కుండానే కొట్టేసేవి.

పోయిన వానాకాలం ఒక ఆదివారం పొద్దున ‘సప్తభుజి’ వ్యాసంలో కొత్త పేరా కనిపించింది. ఖాతా కూడా తెరవకుండా ఎవరో రెండు వారాల కిందటే రాసింది, నా కంట అప్పుడే పడింది.

‘బ్లోయరు ఫ్యాను ప్లేటు మీద ఏడు రెక్కలకి గుర్తులు పెట్టడానికి భిలాయి మిస్త్రీలు ఇలా చేస్తారు. వృత్తం గీసిన కంపాసుని కదపకుండా, అంతే దూరంలో వృత్తం మీద రెండు గుర్తులు పెట్టి, రెండింటినీ గీతతో కలపాలి. కేంద్రం నుంచి ఆ గీత నడిమికి ఎంత దూరమో కొలవాలి. దానికి వ్యాసార్థంలో అడుగుకి అర మిల్లీ చొప్పున కలపాలి. ఆ కొలతతో చుట్టూ వెళ్తే ఏడోసారి కంపాసు మొదటి గుర్తు మీదే దిగుతుంది. ఈ లెక్క కనిపెట్టినది ఖుర్సీపార్ మార్కింగ్ మిస్త్రీ శ్రీ బంగారయ్య.’

అడుగులూ మిల్లీమీటర్లూ ఒకే వాక్యంలో! నా క్లాసులో ఎవరైనా ఇలా రాస్తే ఆ నోట్సు కిటికీలోంచి బయటకి పోయేది. కేంద్రం నుంచి గీత నడిమికి కొలిచే చిట్కా పాతదే, పుస్తకాల్లో ఉంది. అర మిల్లీ కలపడం మాత్రం నేనెక్కడా చదవలేదు. అది సరైనదో కాదో చూడనన్నా లేదు. తప్పా ఒప్పా అన్నది మా నియమంలో ప్రశ్నే కాదు. ఎక్కడ అచ్చయింది? ఎక్కడా లేదు. తొలగించాను.

మర్నాడు పేరా మళ్ళీ వచ్చింది. మళ్ళీ తీశాను. మూడోరోజు ఆ వ్యాసం చర్చ పేజీలో ఎవరో రాశారు: ‘ఇది మా తాతది. నిజం. దయచేసి ఉంచండి.’

నేను జవాబు రాశాను: ‘తాతలు మూలాలు కారు.’

రాసి, నా తెలివికి నేనే మురిసిపోయి ముసిముసిగా నవ్వుకున్నాను కూడా. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

వారం తిరక్కుండా మా పదకొండో క్లాసు బిందుప్రియ స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడింది. లెక్కల్లో చురుకైన పిల్ల. ఇంట్లో తెలుగు, బయట హిందీ, కంగారుపడితే రెండూ కలిసిపోతాయి.

“మేడమ్, ఏక్ బాత్ పూఛూఁ? ఇంటర్నెట్టులో ఎవరైనా మనది తీసేస్తే కంప్లైంట్ ఎక్కడ చెయ్యాలి?”

“ఏం తీసేశారే?”

“మా తాత లెక్క. తాత పేరు బంగారయ్య. నేనే ఎక్కించాను. తాత రోజూ చాయ్ ఠేలా కాడ అందరికీ ఫోన్లో చూపించీవాడు మేడమ్. అదిగో, నా పేరు కంప్యూటర్లో ఉందీ అని. ఇప్పుడది గాయబ్. ఎవడో ‘రుజువు’ అంట. బహుత్ ఘమండీ హై. తాతలు మూలాలు కారని రాశాడు.”

నా చేతిలో ఎర్రపెన్ను అలాగే ఆగిపోయింది. నా పొగరు గురించి మొహం మీద ఎవరూ అలా చెప్పలేదు. చెప్పినా అంత నిజంగా చెప్పలేదు.

“ఠేలా కాడ అందరూ నవ్వుతున్నారంట. తాత రోజూ నన్నడుగుతాడు మేడమ్, ‘నా లెక్క తప్పేటి గుంటా? అందుకే కొట్టీసినారా?’ అని. నేనేం చెప్పాలి?” ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ రుజువుని నేనేనే అని ఆ క్షణంలో చెప్పెయ్యొచ్చు. చెప్పలేదు. “అచ్చయిన కాగితం ఏదైనా ఉందా ఇంట్లో? పాత పుస్తకంలాంటిది?” అన్నాను.

“తాతకి సంతకం తప్ప రాదు మేడమ్.”

ఇంటికొచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా ఆ లెక్క వేశాను. అర మీటరు వ్యాసార్థం తీసుకున్నాను. చుట్టూ తిరిగొచ్చాక తేడా అర మిల్లీ కూడా రాలేదు. సుద్దగీత మందం అంతకన్నా ఎక్కువ ఉంటుంది. మళ్ళీ వేశాను. అదే జవాబు. సంతకం తప్ప రానివాడు చేసిన లెక్క ఇది! ఎంత చక్కగా ఉందో మీకెలా చెప్పను? నేను దీన్ని చెత్తతో పాటు ఊడ్చేశాను.

మర్నాడు బిందుప్రియతో, “మీ తాత లెక్క నూటికి నూరుపాళ్ళూ పనికొచ్చే లెక్క అని చెప్పు. మూలం నేను వెతుకుతాను,” అన్నాను. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది.

వెతకడానికి నాకో దారి ఉంది. మా నాన్న త్రినాథరావు కూడా మార్కింగ్ పనివాడే, ఇనప ప్లేట్ల మీద కొలిచి గుర్తులు గీసే పని. ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాబ్రికేషన్ కంపెనీలో మార్కరుగా చేరి ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు. ఆ కంపెనీ మూతపడి పదిహేనేళ్ళు దాటింది. నాన్నకిప్పుడు డెబ్బై తొమ్మిది.

“నాన్నా, ఏడు రెక్కల ప్లేటుకి మీరు గుర్తులెలా పెట్టేవారు?” అని భోజనాల దగ్గర అడిగాను.

మజ్జిగ కలుపుకుంటున్న చెయ్యి ఆగింది. “ఎవరడిగేరు?”

“స్కూల్లో ఒక పిల్ల.”

“పాత సంగతులు నాకేటి గుర్తుంటాయి,” అని టీవీ గొంతు పెంచేశాడు. పెద్దతనం అనుకున్నాను. నాకు మనుషుల మొహాలు చదవడం రాదు, అంకెలే వచ్చు.

ఆ ఆదివారం నాన్న గుడికి వెళ్ళినప్పుడు మంచం కింద ఇనప్పెట్టె లాగాను. పే స్లిప్పులు, అమ్మ ఫొటోలు, ఒక పాత కంపాసు. వాటి అడుగున పసుపుపచ్చ అట్టతో పలచటి హిందీ పుస్తకం దొరికింది. ‘సుఝావ్ పుస్తిక, 1989’. పని మెరుగుపరచడానికి ఆ ఏడాది కార్మికులిచ్చిన సలహాలన్నీ కంపెనీవాళ్ళు అచ్చేయించిన పుస్తకం. పద్నాలుగో పేజీలో ఉంది. అదే వృత్తం, అదే గీత. ‘ప్రతి ఫుట్ ఆధా మిలీమీటర్.’ సలహా ఇచ్చినవారు: టి. త్రినాథరావు, మార్కర్, టోకెన్ నంబరు 318. పక్కన చిన్న ఫొటో. నల్లమీసాల మా నాన్న ఒక పెద్ద స్టీలు బిందె అందుకుంటున్నాడు.

ఎగిరి గంతేశాను. మా నాన్న! ఇంత గొప్ప లెక్క మా నాన్నది! ఆ బిందె గురించి నాకు లీలగా గుర్తుంది. ఇంటికి రాకముందే దాన్ని ఎవరో కొట్టేశారని అమ్మ ఎప్పుడూ అంటుండేది. సంతోషం వెనకే కోపం కూడా వచ్చింది. మా నాన్న లెక్కని తనదని చెప్పుకుంటూ చాయ్ బండి దగ్గర ఊరేగుతున్నాడా ఆ పెద్దమనిషి!

నాన్నని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగలేదు. నాన్న చూసి ఆశ్చర్యపోవాలనుకున్నాను. అక్కడికక్కడే కూర్చుని పేరా మళ్ళీ ఎక్కించాను, ‘1989లో టి. త్రినాథరావు ప్రతిపాదించారు’ అని. కింద మూలం: పుస్తకం పేరు, సంవత్సరం, పేజీ. సొంతవాళ్ళ గురించి మనమే రాసుకోకూడదన్నది కూడా ఆ సర్వస్వంలో నియమమే. పదిమందిని ఆ నియమం కింద చివాట్లు పెట్టినదాన్ని. ఆ రోజు మాత్రం అది నాకు అడ్డు రాలేదు.

సోమవారం బిందుప్రియకి నా ఫోన్లోనే చూపించాను. “మూలం దొరికింది చూడు. మీ తాత ఎక్కడో ఇది నేర్చుకుని ఉంటారు, తనదే అనుకుంటున్నారు పాపం. పెద్దవాళ్ళకి అలా అవుతుంది.”

ఆ పిల్ల చదివింది. వేలితో పైకీ కిందకీ జరిపి ఇంకేదో చూసింది. ఫోను నా చేతిలో పెట్టి, “ఠీక్ హై మేడమ్,” అంది. మర్నాటి నుంచి స్కూలుకి రాలేదు.

నాలుగు రోజులు చూశాను. శనివారం స్కూలవగానే స్కూటీ మీద ఖుర్సీపార్ వెళ్ళాను. బంగారయ్య మిస్త్రీ ఇల్లంటే కిరాణా కొట్టతనే దారి చూపించాడు. రెండు గదుల ఇల్లు. అరుగు మీద మంచం, మంచం మీద సోడాబుడ్డి కళ్ళద్దాలతో సన్నటి ముసలాయన. ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోదానికి మసక. బిందుప్రియ టీచర్నని చెప్పాను. “టీచరమ్మా! రా తల్లీ, రా. మా గుంట నీ పేరే సెప్తాది ఎప్పుడూ,” అని లేవబోయాడు. ఆయన భార్య గున్నమ్మ నీళ్ళు ముంచడానికి లోపలికి వెళ్ళింది.

గుమ్మంలోంచి చూస్తే ఎత్తుపీట మీద స్టీలు బిందె కనిపించింది. మెడ కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు. ‘టి. త్రినాథరావు. ఉత్తమ్ సుఝావ్ పురస్కార్ 1989.’

మనవాళ్ళ సంగతి మీకు తెలుసు. స్టీలు సామాను కొంటే పేరు చెక్కించకుండా ఇంటికి తేరు. పెళ్ళిలో మారినా, పేరంటంలో పోయినా పేరు చూసి తిరిగొస్తుందని. కాబట్టి ఇంకొకరి పేరున్న సామాను ఒక ఇంట్లో ఉందంటే రెండే కారణాలు: ఎరువు తెచ్చుకుని ఇవ్వలేదు, లేకపోతే ఎత్తుకొచ్చారు. నాకు రెండోదే తోచింది. లెక్కతో పాటు బిందె కూడానా!

“ఆ బిందె ఎవరిదండీ?” అన్నాను. నా గొంతులో పదును నాకే వినిపించింది.

ముసలాయనకి వినిపించలేదో, వినిపించినా పట్టలేదో, మొహం విప్పారింది. “త్రినాథరావు బాబుది అమ్మా. మా మార్కర్ బాబు. ఆ బగుమతి వచ్చిన సాయింత్రమే సైకిలుకి కట్టుకుని వచ్చీసినాడు. ‘ఒరే బంగారీ, ఇది నీదిరా, నీ లెక్కకే ఇచ్చినారు’ అని ఇక్కడెట్టి ఎల్లిపోనాడు. మంచినీళ్ళన్నా తాగలేదు.”

“మీ లెక్కకి ఆయనకెందుకు ఇచ్చారు?” అన్నాను.

“కాయితం మీద టోకెన్ లంబరు రాయాలట కదమ్మా. నాకు లంబరేటి? ఠేకేదారు కూలోణ్ణి, కంపెనీ మడిసిని కాను. మా కాయితాలు ఆ సలహాల పెట్లో ఎయ్యనిచ్చీవోరు కాదు. నానే అన్నాను, మీ లంబరు రాసీండి బాబూ, లెక్క పోకుండా ఉంటాదని.” ఆయన వంగి నేలమీద వేలితో గుండ్రం గీశాడు. “అప్పుడు అందరం అడ్డదిడ్డంగా మార్కు సేసీవోళ్ళం. రెక్కలు ఏడూ సమంగా రాకపోతే ఫ్యాను వణికిపోద్ది. నాను మూడు ప్లేట్ల మీద సూసినాను. అడుగు వ్యాసం సగం ఉన్న ప్లేటుకి ఆకర్న నాలుగు మిల్లీలు సందు వచ్చీది. రెండడుగులకి ఎనిమిది. అయితే ఆ సందుని ఏడుకీ పంచీమన్నాను, అడుక్కి అర మిల్లీ. అంతే! ఇందులో ఏటున్నాది?”

వ్యాసార్థం అన్న మాట తెలియక ‘వ్యాసం సగం’ అన్నాడు. ఆ మనిషిని పట్టుకుని ఎక్కడో నేర్చుకుని ఉంటాడన్నాను.

“ఎక్కించీసినారట కదమ్మా మళ్ళీ? ఓపాలి సదువు. నాకు కళ్ళు ఆనవు.”

బిందుప్రియ తలుపు చాటున నిలబడి నన్నే చూస్తోంది. పేరు మారిన సంగతి తాతకి చెప్పలేదన్నమాట.

“ఇక్కడ సిగ్నల్ లేదండీ. ఇంకోరోజు వచ్చి చదువుతాను,” అని లేచాను. సిగ్నల్ నిక్షేపంలా ఉంది.

స్కూటీ దాకా వచ్చింది బిందుప్రియ. “రుజువు మీరే కదా మేడమ్. మీ ఫోన్లో పైన పేరుంది. ఎవరేం మార్చారో హిస్టరీ కూడా చూశాను. తీసిందీ మీరే, వేరే పేరు పెట్టిందీ మీరే. ఆ త్రినాథరావు మీకేమౌతారు?”

“మా నాన్న.”

“అనుకున్నాను,” అంది. కోప్పడితే బాగుండేది. “తాతకి నేను చెప్పలేను మేడమ్. మీరే చెప్పండి.”

ఇంటికొచ్చేసరికి నాన్న వరండాలో చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు. చెప్పులు కూడా విప్పకుండా, “బిందె చూశాను,” అన్నాను.

నాన్న ఒలిచిన గింజలూ తొక్కలూ ఒకే గిన్నెలో పడేస్తున్నాడు.

“ఆడే పెట్టమన్నాడే అమ్మీ. అబద్ధం కాదు,” అన్నాడు చివరికి.

“తెలుసు. ఆయనే చెప్పాడు.”

“బగుమతి ఇచ్చినరోజు మైకు చేతికిచ్చేరు. దో శబ్ద్ బోలియే అన్నారు. అక్కడే చెప్పీవలసింది. ఆడు వెనకాల కూలీల్లో నిల్చుని చప్పట్లు కొడతన్నాడు. నేను ధన్యవాద్ అని దిగిపోయేను.” కళ్ళు తుడుచుకున్నాడు. “బిందె ఇచ్చీసేను కదా, సరిపోయింది అనుకున్నాను. అది కాదే అసలుది. ఆ లెక్క చూసే నన్ను ఛార్జ్‌మన్ చేసేరు, తరవాత ఫోర్‌మన్. నా కింద ఎంతమందినో పర్మనెంట్ చేయించేను. ఆణ్ణి చేయించలేదు. ఆడిపేరు చెప్తే, అంత పనోడా, ఏటి చేసేడు అని అడుగుతారు కదా. అడిగితే ఏటి చెప్పను? ఆడు కూలోడిగానే ఉండిపోయేడు. నేను చూస్తానే ఉన్నాను.”

నా చదువు, నా ఉద్యోగం, నా నోరు, అన్నీ ఆ ఫోర్‌మన్ కొలువు మీద పెరిగినవే. ఏమని తిట్టను నాన్నని? తిట్టడానికే నిలబడ్డాను. చెప్పులు విప్పి పక్కన కూర్చున్నాను.

“రాసిచ్చెస్తాను. సంతకం పెడతాను. ఆ కంప్యూటర్లో మార్చీ,” అన్నాడు.

“మీ ఉత్తరం మూలం కాదు నాన్నా. అచ్చయి ఉండాలి.”

“ఆ పుస్తకంలో పేరు నాది. నేను బతికే ఉన్నాను. అది తప్పని నేనే చెప్తన్నాను. నాకంటే మూలం ఏటే?”

ఆ నియమాల పేజీ రాసినవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

అయినా మార్చాను. త్రినాథరావు తీసి బంగారయ్య అని పెట్టాను. గంటలో, నాలాగే అక్కడ దిద్దే లక్ష్మీప్రసాద్ దాన్ని వెనక్కి తిప్పేశాడు. అతను ఎక్కడో హైదరాబాదులో ఉంటాడు, ఎప్పుడూ చూడలేదు. దిద్దడం నేర్పింది మాత్రం నేనే. ‘అచ్చయిన మూలంలో త్రినాథరావు అని ఉంది. బంగారయ్య పేరుకి మూలం లేదు. తొలగించాను.’ పోనీ అసలు పేరే వద్దని రెండూ తీసేశాను. ‘మూలం ఉన్న సమాచారం తొలగించరాదు,’ అని మళ్ళీ పెట్టాడు. జరిగిందంతా చర్చ పేజీలో రాశాను, త్రినాథరావు నా తండ్రేనని కూడా రాశాను. మర్యాదగానే జవాబిచ్చాడు: ‘అక్కా, మీ బాధ అర్థమైంది. సొంతవాళ్ళ విషయం కాబట్టి మీరు దూరంగా ఉంటే మంచిది. తాతలు మూలాలు కారని మీరే అన్నారు కదా.’ చివర ఒక నవ్వుబొమ్మ కూడా పెట్టాడు.

అతని తప్పేమీ లేదు. అతని చోట నేనున్నా అదే చేసేదాన్ని, ఆ నవ్వుబొమ్మతో సహా. భిలాయి తెలుగు సంఘం సంచికలో నాన్న చేత రాయించి అచ్చేయిద్దామని వెళ్ళి అడిగాను. సంచిక వేసి ఆరేళ్ళైంది, మళ్ళీ ఎప్పుడో తెలీదన్నారు. అబద్ధానికి పేజీ నంబరుతో సహా మూలం ఉంది. నిజానికి ఒక బిందె, ఇద్దరు ముసలివాళ్ళు ఉన్నారు. పదకొండేళ్ళలో ఇలాంటివి ఇంకెన్ని ఊడ్చేశానో అనుకుంటే అన్నం సయించలేదు.

తరవాతి ఆదివారం పొద్దున్నే నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. “ఆటో పిలు. ఖుర్సీపార్ పోదాం,” అన్నాడు. దారంతా పెదాలు కదుపుతూనే ఉన్నాడు. చెప్పవలసింది వల్లెవేసుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. నేనూ అదే పనిలో ఉన్నాను. పేరు కొట్టేసింది నేనేనని ఇవాళ ఆయనతో చెప్పి తీరాలనుకున్నాను.

బంగారయ్య గొంతు పట్టే గుర్తుపట్టాడు. “ఓలమ్మ! బాబే! గున్నీ, బాబు వచ్చినాడే!” మంచం దిగి, తడుముకుంటూ వచ్చి నాన్న రెండు చేతులూ పట్టుకున్నాడు. “ఈ టీచరమ్మ మీ పాపేటి? మొన్న సెప్పనేదేటమ్మా!”

“ఒరే బంగారీ,” అన్నాడు నాన్న. “ఆ రోజు మైకు కాడ నేను...”

“ఆ మైకు మాటలిప్పుడేటి బాబూ? కూకోండి ముందు. మోకాళ్ళు ఎలగున్నాయి?” చెప్పనిస్తే కదా! నాన్న మూడుసార్లు మొదలుపెట్టాడు. మూడుసార్లూ ఆయన మోకాళ్ళ దగ్గరికో, పాత సైకిలు దగ్గరికో లాక్కుపోయాడు. తెలిసే ఆపుతున్నాడో, నిజంగానే అక్కర్లేదో, నేను చెప్పలేను.

“టీచరమ్మా, ఇప్పుడు సదువు. బాబు కూడా ఇంటాడు,” అన్నాడు నావైపు తిరిగి.

ఫోను తీశాను. గున్నమ్మ గుమ్మంలో కూర్చుంది. బిందుప్రియ నా వెనక నిలబడి భుజం మీదుగా చూస్తోంది. చదవడం మొదలుపెట్టాను. వృత్తం గీసిన కంపాసుని కదపకుండా. కేంద్రం నుంచి గీత నడిమికి. అడుగుకి అర మిల్లీ చొప్పున. ఆయన తల ఊపుతూ, “అవునవును, అదే,” అంటున్నాడు. చివరి వాక్యం దగ్గర ఆగాను. తెరమీద నా తండ్రి పేరుంది.

“ఈ లెక్కని కనిపెట్టినవారు ఖుర్సీపార్ మార్కింగ్ మిస్త్రీ శ్రీ బంగారయ్య,” అని చదివాను.

తెరమీద లేని మాట పైకి చదవడం నా జన్మలో అదే మొదటిసారి. వెనకనుంచి బిందుప్రియ ఊపిరి బిగబట్టడం తెలిసింది. అయినా నోరు విప్పలేదు. నాన్న నా మొహంలోకి చూసి తల దించుకున్నాడు.

బంగారయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తరవాత నుదురు ముడిపడింది.

“మరి బాబు పేరేదమ్మా?”

“అంటే...”

“కాయితం పెట్లో ఏసింది బాబే కదా! బాబు ఎయ్యకపోతే ఆ లెక్క ఆరోజే సచ్చిపోయీది. నా పేరొక్కటే ఎట్టీసి బాబుది ఒగ్గీసినారేటి? తప్పు కాదేటమ్మా? ఆయన మర్యాదస్తుడు, నోరిప్పి అడగడు. నాను సెప్తన్నాను. బాబు పేరు కూడా ఎక్కించీ తల్లీ.”

నాన్న భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. బిందుప్రియ చెయ్యి చాచి నా చేతిలో ఫోను ఆర్పేసింది. కొట్టేసింది నేనేనని చెప్పడానికి వెళ్ళినదాన్ని, గుక్కెడు నీళ్ళు తాగి, “అలాగేనండీ, ఎక్కిస్తాను,” అన్నాను.